పెన్న ఎగువన చెట్లు తాగే నీళ్లు

పెన్నా నది కర్ణాటకలో నందికొండల దగ్గర పుడుతుంది. మన దేశంలో యూకలిప్టస్‌ను, అంటే నీలగిరి చెట్టును, మొదట నాటింది కూడా ఆ నందికొండ మీదేనని చెబుతారు. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ విదేశీ విత్తనాలు తెప్పించి అక్కడి తన తోటలో వేయించాడట. ఆ చెట్ల సంతతే తర్వాత 'మైసూర్ గమ్' పేరుతో దేశమంతా వ్యాపించింది. అంటే మాకు పైనున్న కొండల నుంచి నదీ దిగింది, నీలగిరి చెట్టూ దిగింది. ఒకటి తగ్గుతూ వచ్చింది, ఇంకొకటి పెరుగుతూ వచ్చింది.

మాది హిందూపురం వైపు. మా దగ్గర పెన్న అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఎందుకిలా అయిందని అడిగితే పెద్దవాళ్లు "అడవులు కొట్టేసినారు, వానలు పోయినాయి" అంటారు. మా వయసువాళ్లు "క్లైమేట్ ఛేంజ్" అని రెండు మాటల్లో తేల్చేస్తారు. మొదటి జవాబు నమ్మినవాళ్లు మొక్కలు నాటమంటారు. రెండో జవాబు నమ్మినవాళ్లు మన చేతిలో ఏముందిలే అని ఊరుకుంటారు. రెండిటిలోనూ కొంత నిజం ఉంది, అందుకే రెండూ ఇంతకాలం చెల్లుబాటయ్యాయి.

నేను చెప్పదలుచుకున్నది వేరు. మాలాంటి మెట్ట సీమలో చెట్టు కూడా నీళ్లు వాడుకునేదే. బోరు వేస్తే, చెరువు కడితే, కాలువ తవ్వితే ఎన్ని నీళ్లు పోతాయని గొడవపడతాం. ఎన్ని మొక్కలు నాటామో కోట్లలో ప్రకటిస్తాం. ఆ మొక్కలు పెరిగి ఎన్ని నీళ్లు తాగుతాయో మాత్రం ఎక్కడా రాసుకోం. ఎండలు ముదురుతున్న కొద్దీ ఈ మరుపు ఖరీదు పెరుగుతోంది.

ముందు లెక్క చూద్దాం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక ఎకరా మీద అంత వాన అంటే సుమారు 22 లక్షల లీటర్లు. చాలానే అనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం నేలలోంచీ ఆకుల్లోంచీ ఆవిరై గాల్లో కలిసిపోతుంది. మాది గట్టి రాతి నేల. అడుగున గ్రానైటు, దాని మీద కొన్ని మీటర్ల మందాన మెత్తబడిన పొర, ఆపైన ఎర్రమట్టి. ఇలాంటి చోట వానలో సుమారు పదో వంతు భూమిలోకి ఇంకుతుందని భూగర్భ జలాల లెక్కల్లో పట్టుకుంటారు. అంటే 55 మిల్లీమీటర్లు. వంకల్లో పారి చెరువుకు చేరేది కూడా చిన్న వాటాయే.

ఇప్పుడు ఆవిరి ఖర్చు ఓ 50 మిల్లీమీటర్లు పెరిగిందనుకోండి. మొత్తం వానలో అది పదోవంతు కూడా లేదు. కానీ ఆ 50 వచ్చేది ఎక్కడినుంచి? బావులకూ వంకలకూ దక్కాల్సిన వాటాలోంచి. కాబట్టి ఆ వాటాలో చాలా భాగం తుడిచిపెట్టుకు పోతుంది. పడమటి కనుమల్లో 3,000 మిల్లీమీటర్లు పడేచోట అదే 50 తగ్గితే ఎవరికీ తెలియదు. చెట్ల గురించి కర్ణాటకలో వానలు దండిగా పడే మలెనాడులోనో కేరళలోనో నిజమైన మాట మడకశిరలో ఎందుకు నిజం కాకపోవచ్చో ఈ చిన్న తీసివేత చెబుతుంది.

మరి చెట్టు ఆ 50 ఎలా తీసుకుంటుంది? రాగి, వేరుశనగ నాలుగు నెలల పంటలు. వేళ్లు పైపైనే ఉంటాయి. కోత అయ్యాక నేల ఖాళీగా పడి ఉంటుంది, తర్వాత పడిన వానలో కొంతైనా కిందికి దిగుతుంది. నీలగిరి ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, ఏడాది పొడవునా తాగుతూనే ఉంటుంది. చిన్న జల్లు పడితే ఆకుల మీదే ఆగి అక్కడే ఆరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం వేళ్ల లోతు. బ్రిటన్ జలశాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం కర్ణాటక అటవీ పరిశోధకులతో కలిసి బెంగళూరు పక్కన హోసకోట దగ్గర లేత నీలగిరి తోటలను కొలిచింది. అక్కడి లోతైన మట్టిలో వేళ్లు ఏడాదికి రెండున్నర మీటర్ల చొప్పున దిగి 8 మీటర్లు దాటాయి. మూడు కరువేళ్లలో పడిన వాన సుమారు 2,100 మిల్లీమీటర్లు, చెట్లు తాగింది సుమారు 3,400. మిగిలిన 1,300 అంతకుముందు ఏళ్లలో నేల దాచుకున్న నీళ్లు.

అదే బృందం కర్ణాటకలో మట్టి లోతు తక్కువగా ఉన్న చోట్ల కూడా కొలిచింది. అక్కడ నీలగిరి పక్కనున్న స్థానిక మెట్ట అడవి కంటే ఎక్కువేమీ తాగలేదు. వేళ్లు దిగడానికి చోటు లేకపోతే అది కూడా పడిన వానతోనే సరిపెట్టుకోవాలి. కాబట్టి నీలగిరి రాక్షసి చెట్టు అనే ప్రచారం నాకు నచ్చదు. ఏ చెట్టు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, కింద మట్టి ఎంత లోతు, అంతకుముందు అక్కడ ఏముండేది అన్న ప్రశ్నలూ అంతే ముఖ్యం. పోస్టర్ల మీద రాయడానికి ఇవి బాగుండవు, అంతే.

అసలు నీలగిరి కొండల్లోనే గ్లెన్‌మోర్గన్ అనే చోట దశాబ్దాల పాటు ఒక ప్రయోగం జరిగింది. పక్కపక్కన ఉన్న రెండు చిన్న పరీవాహకాలను, అంటే ఒక్కో వాగుకు నీళ్లు చేర్చే నేలను, తీసుకున్నారు. ఒకదాన్ని గడ్డి మైదానాలతో, షోలా అనే అక్కడి సహజమైన కొండ అడవితో అలాగే ఉంచారు. రెండోదానిలో సగానికి పైగా నీలగిరి నాటారు. మొదటి విడత చెట్లు పెరిగేసరికి వాగులో నీళ్లు 16 శాతం తగ్గాయి. నరికాక మొదళ్ల నుంచి మళ్లీ చిగురించిన రెండో విడతలో 25 శాతం తగ్గాయి. ఎండాకాలంలో పారే సన్నటి ధార ఇంకా గట్టిగా దెబ్బతింది.

దక్షిణాఫ్రికాలోని మొకొబులాన్ కథ ఇంకా చేదు. 1969లో గడ్డి కొండల మధ్య ఒక వాగు చుట్టూ యూకలిప్టస్ నాటితే తొమ్మిదో ఏడుకల్లా వాగు పూర్తిగా ఎండిపోయింది. పదహారో ఏట చెట్లన్నీ నరికేశారు. నీళ్లు వెంటనే రాలేదు, మరో ఐదేళ్లు పట్టింది. చెట్లు లోతు నుంచి లాగేసిన తడి ముందు భర్తీ కావాలి, ఆ తర్వాతే వాగుకు మిగిలేది.

"అవన్నీ పరాయి కొండలు, మన సంగతి చెప్పు" అంటారా? నందికొండల నుంచి పెన్న ఉత్తరానికి దిగితే, అర్కావతి దక్షిణానికి దిగుతుంది. ఒకే కొండ వరుస, ఒకే రాయి, ఒకే రకం పల్లెలు. అర్కావతి నీళ్లు తిప్పగొండనహళ్లి జలాశయం చేరి బెంగళూరు దాహం తీర్చేవి. ఆ జలాశయానికి వచ్చే నీళ్లు దశాబ్దాలుగా పడిపోతూ వచ్చాయి. ఎందుకని 2015లో బెంగళూరు పరిశోధకులు ఒక్కొక్క అనుమానాన్నీ తీసుకుని పరీక్షించారు. వాన తగ్గిందా? తగ్గలేదు. ఉష్ణోగ్రత పెరుగుదల ఇంత పతనానికి సరిపోతుందా? సరిపోదు. చివరికి ప్రధాన ముద్దాయిలుగా తేలినవి రెండు: బోర్లతో తోడకం, నీలగిరి తోటలు. చెక్‌డ్యాముల్లాంటి అడ్డుకట్టల పాత్ర వాటి తర్వాతే.

వాతావరణ మార్పు అబద్ధమని నేననడం లేదు, దాని సంగతికి వస్తాను. కానీ ఎదురుగా ఉన్న రెండు కారణాలను వదిలి ఆకాశం వైపు చూపించడం మన నాయకులకే కాదు, మనకూ సుఖంగా ఉంటుంది. క్లైమేట్ మీద ఎవరూ కేసు పెట్టరు కదా!

గౌరిబిదనూరు దగ్గర పల్లెలో మా మేనమామకు రెండెకరాల నీలగిరి ఉంది. సరిహద్దు దాటినా అక్కడ ఇళ్లలో మాట్లాడేది తెలుగే. "నీళ్లన్నీ నీ చెట్లే తాగేస్తాన్నాయి మామా" అని ఒకసారి ఆటపట్టించాను. "ఏం అల్లుడా, రాగి పెడితే కూలోళ్లు ఎవుర్రా వచ్చేది? కోతకొస్తే పందులు మిగిలిస్తాయా? ఇదైతే మేక గూడా ముట్టదు. ఏడేండ్లకోసారి లారీవాడు వచ్చి డబ్బు చేతిలో పెట్టి పోతాడు" అన్నాడు. ఆయన లెక్కలో ఏ తప్పూ నాకు కనబడలేదు. 1980లలో ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన సామాజిక అడవుల పథకం కింద ప్రభుత్వమే మొక్కలు పంచింది. తాలూకాలకు తాలూకాలు మెట్ట పొలాలు తోటలయ్యాయి. 1983లో తుమకూరు జిల్లాలో రైతు సంఘం వాళ్లు నర్సరీల్లో నీలగిరి మొక్కలు పీకి నిరసన తెలిపారు. 2017లో కర్ణాటక కొత్తగా నాటడాన్ని నిషేధించింది. నడుమ ముప్పై నాలుగేళ్లు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. చెట్ల నుంచి లేచిన ఆవిరి ఊరికే పోతుందా, మళ్లీ వానై పడదా? పడుతుంది. అమెజాన్ మీదుగా వెళ్లే మేఘాలు అడవి వదిలిన తేమనే మళ్లీ మళ్లీ వానగా కురిపిస్తాయని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి 1970లలోనే చూపించాడు. మన దేశంలోనూ అడవులు పోయి పొలాలు కావడం రుతుపవనాల వానను బలహీనపరిచిందని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2016లో రాశారు. అడవులు కొట్టేస్తే వానలు పోతాయన్న మా పెద్దల మాట దేశమంత, ఖండమంత కొలతలో నిలబడుతుంది. అయితే చిక్కబళ్లాపురంలో లేచిన ఆవిరి చిక్కబళ్లాపురంలోనే పడాలని ఏముంది? గాలి దాన్ని వందల కిలోమీటర్ల అవతలికి తీసుకుపోతుంది. దాని ఫలం ఇంకెవరికో దక్కుతుంది, ఖర్చు మాత్రం మన వంక ఖాతాలో పడుతుంది. ఖండానికి మంచిది మన వాటర్‌షెడ్‌కు, అంటే మన వంక పరీవాహకానికి, నష్టం కావచ్చు. ఈ రెంటినీ కలిపేసి "చెట్లు పెంచండి, నీళ్లొస్తాయి" అని బడి గోడల మీద రాయడంతోనే తకరారు.

అలాగని చెట్లన్నీ తీసేసి నేలను బోడిగా ఉంచమని కాదు. బోడి నేల మీద వాన పడితే పైపొర గట్టిపడి నీళ్లు జారిపోతాయి, మట్టిని కూడా లాక్కుపోతాయి. చెట్టు వేళ్లు, రాలిన ఆకు, చీమలూ వానపాములూ చేసే బొరియలు నీటికి కిందికి దారి ఇస్తాయి. అంటే చెట్టు ఒక చేత్తో తీసుకుంటుంది, ఒక చేత్తో ఇస్తుంది. రెండిట్లో ఏది ఎక్కువన్నది చెట్లు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసోలో మా సీమలాగే ఎండే పొలాల్లో స్వీడన్ పరిశోధకులు దీన్ని కొలిచారు. 2016లో వచ్చిన ఆ ఫలితం నాకు చాలా ఇష్టం. చెట్లు అసలు లేనిచోట ఇంకుడు తక్కువ, దట్టంగా ఉన్నచోటా తక్కువ. పొలాల్లో అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద చెట్లున్న చోట అన్నిటికంటే ఎక్కువ.

ఇది చదివినప్పుడు నాకు మా వైపు పొలాలే గుర్తొచ్చాయి. గట్ల మీద చింత, వేప, కానుగ, నడుమ రాగి, వేరుశనగ. హిందూపురం చింతపండు మార్కెట్ ఊరికే పుట్టలేదు. వాన నీటి సిద్ధాంతం ఎవరూ చెప్పకపోయినా ఆ పొలాలు దాదాపు ఆ కొలతలోనే ఉండేవి. ఇప్పుడు ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్టు మీద చింత కొట్టేస్తున్నాం, పక్క చేలో ఎకరాకు వందల లెక్కన మొక్కలు కుక్కుతున్నాం. చెరువు కడుపులో సర్కారు తుమ్మ సరేసరి, దాన్ని ఎవరూ నాటనక్కర్లేదు.

ఇక వేడి సంగతి. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెబుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. వాన లేని రోజుల్లో ఆ గాలి నేలనుంచీ ఆకులనుంచీ మరింత తేమ లాగుతుంది. వాన వచ్చిన రోజున అదే గాలి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950 నుంచి 2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. మా రైతులకు కావలసింది పదును వాన, నిదానంగా పడి జానెడు లోతు తడిపేది. ఒక్క పూటలో పడిపోయే వానతో పదునూ రాదు, బావీ నిండదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. అదే పెన్న బేసిన్, సాధారణంగా మనం కరువని పిలిచేదే.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకులు తమ రంధ్రాలను కొంత మూసుకుని నీళ్లు పొదుపు చేస్తాయని ఒక ఆశ కూడా ఉంది. శాస్త్రం నిజమే. అయితే అదే వాయువుతో ఆకుల విస్తీర్ణమూ పెరుగుతుంది, ఎండా పెరుగుతుంది. ఆ పొదుపు మీద భరోసా పెట్టుకుని నేనైతే బోరు వేయించను.

పచ్చదనం అంటే అడవే అనుకోవడం ఇంకో పొరపాటు. భూమి పచ్చబడుతోందని, అందులో భారత్, చైనా ముందున్నాయని నాసా ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2019లో వార్తలొచ్చాయి. మనవాళ్లు వాట్సాప్‌లో తెగ పంచుకున్నారు. ఆ అధ్యయనం ప్రకారం భారత్‌లో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంట పొలాలది. అందులో చాలా భాగం వెనక తిరుగుతున్నది బోరు మోటారే. మా జిల్లాల చీనీ (బత్తాయి) తోటలూ దానిమ్మ తోటలూ పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటాయి. డ్రిప్పు పెట్టాం కాబట్టి నీళ్లు మిగిలాయనుకుంటాం. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలకు పైపు లాగుతాం. చెట్టు ఆకులోంచి పోయేది ఎలాగూ పోతుంది, పైగా వేసవి ముదిరిన కొద్దీ ఆ తోటకు కావలసింది పెరుగుతుంది. చీనీ చెట్టుకు సెలవుండదు. వేరుశనగ ఎండితే ఒక పంట పోతుంది, చీనీ ఎండితే పదేళ్ల పెట్టుబడి పోతుంది. అందుకే ట్యాంకర్లతో తోలి మరీ బతికిస్తారు.

ఇప్పుడు చట్టం వైపు చూడండి. మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు 1892లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. పెన్న, చిత్రావతి, పాపఘ్నిలాంటి నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదని దాని సారం. కర్ణాటక బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కట్టినప్పుడు మనవాళ్లు ఈ ఒప్పందాన్నే బయటికి తీశారు. ధర్మవరం, పుట్టపర్తి వైపు ఎంత గొడవ జరిగిందో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తుంటుంది. పరగోడు మీద ఎంత అరిచామో, అదే కొండల మీద వేల ఎకరాల నీలగిరి లేచినప్పుడు అంత మౌనంగా ఉన్నాం. కట్ట కంటికి కనిపిస్తుంది, వేరు కనిపించదు. 1892 నాటి కాగితం వేళ్ల గురించి మాట్లాడలేదని దాన్ని రాసినవాళ్లను తప్పుపట్టలేం. మన కాలపు వాల్టా చట్టం 2002లో వచ్చింది, నీరు, భూమి, చెట్టు మూడూ అందులో ఉన్నాయి. కానీ అది కూడా చెట్టును కాపాడాల్సినదిగానే చూస్తుంది. నీళ్లు వాడుకునేదిగా చూడదు. తెలంగాణ హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రలో నీరు-చెట్టు పథకం నడిచింది. రెండిటిలోనూ మొక్కల లెక్క ఉంది.

దక్షిణాఫ్రికా తన 1998 జల చట్టంలో వ్యాపారపు చెట్ల తోటలను 'ప్రవాహాన్ని తగ్గించే పని'గా రాసేసింది. కాలువ తీయాలంటే ఎలా అనుమతి కావాలో, తోట వేయాలన్నా నీటి అనుమతి కావాలి. 1995లో మొదలైన మరో పథకంలో నదుల ఎగువన పరాయి చెట్లను తొలగించడానికి నిరుపేదలకు కూలి ఇచ్చారు. మనం దాన్ని యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు. ప్రతి వాటర్‌షెడ్ పథకం డీపీఆర్‌లో (పూర్తి వివరాల ప్రాజెక్టు నివేదికలో) చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతల పక్కన ఇంకో గడి పెట్టమంటున్నాను: ఏ చెట్టు, ఎకరాకు ఎన్ని, కింద మట్టి ఎంత లోతు, ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు తాగుతుంది. ఆ గడి నింపాల్సి వస్తే చాలామంది అధికారులు ఎకరాకు నాలుగు వందల మొక్కల బదులు గట్టు మీద పది చింతలు రాస్తారని నా నమ్మకం.

ఇప్పటికే ఉన్న నీలగిరి మాటేమిటి? నరికితే చాలదని గ్లెన్‌మోర్గన్ చెప్పింది. మొదలు నుంచి చిగురించిన లేత చెట్లు ముదురు చెట్లకంటే ఎక్కువ తాగగలవు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరానికి నీళ్లిచ్చే అడవుల్లో కూడా ఇదే బయటపడింది. 1939 కార్చిచ్చు తర్వాత మొలిచిన లేత అడవి వల్ల రెండుమూడు దశాబ్దాల్లో అక్కడి నీటి రాబడి సుమారు సగానికి పడిపోయింది. కాబట్టి మొదళ్లను జేసీబీతో పెకలించాలి, తర్వాత కొన్నేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపికకు డబ్బు కావాలి. ఎకరా మొదళ్లు పీకడానికయ్యే ఖర్చు, ఆ తర్వాత రాగి పెట్టి నష్టపోయే ఏళ్ల ఖర్చు మా మేనమామ తన జేబులోంచి ఎందుకు పెడతాడు? నీళ్లు దక్కేది ఆయనకు కాదు, కింద హిందూపురంలో, పరిగిలో ఉన్న మాకు.

న్యూయార్క్ నగరం 1997లో ఇలాంటి బేరమే కుదుర్చుకుంది. క్యాట్‌స్కిల్ కొండల్లోని రైతులకూ ఊళ్లకూ డబ్బిచ్చి నీళ్లను పైనే కాపాడుకుంది, వందల కోట్ల డాలర్ల ఫిల్టర్ ప్లాంటు కట్టే అవసరం తప్పించుకుంది. అక్కడ నగరమూ కొండలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. ఇక్కడ తోట చిక్కబళ్లాపురం జిల్లాలో, బావి శ్రీసత్యసాయి జిల్లాలో. మన ఖజానా నుంచి కర్ణాటక రైతుకు డబ్బు ఇవ్వాలంటే అసెంబ్లీలో ఎంత రభస జరుగుతుందో ఊహించగలను. అయినా ఆ మాట మొదలుపెట్టాల్సింది కింద ఉన్నవాళ్లమే.